ఆ డబ్బాని ఇంటి కంప్యూటర్‌కి కలిపే ముందు ఆగండి

కిందటి ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి ఒక కుర్రాడి బండి పోయింది. సూర్యాపేట దగ్గర పల్లె నుంచి వచ్చి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. సాయంత్రాలు ఆ బండి మీదే ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించి గది అద్దె కట్టుకునేవాడు. పొద్దున ఆరున్నరకి మేం కిందికి దిగేసరికి పిల్లర్ పక్కన ఖాళీ జాగా, నేల మీద ఆయిల్ మరక మిగిలాయి. సరిగ్గా ఆ జాగాకి ఎదురుగానే కెమెరా ఉంది. వాచ్‌మన్ ధైర్యం చెప్పాడు: "ఫికర్ చెయ్యకు తమ్మీ, గా కెమెరాల అంతా పడ్తది. టీవీ ఖరాబై బొమ్మ వస్తలేదు గని, బాక్సుల లైటు వెలుగుతనే ఉన్నది."

బాక్సంటే డీవీఆర్. మీటర్ గదిలో దుమ్ము కొట్టుకుపోయి, పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. దాని మానిటర్ పోయి ఆర్నెల్లయినా మేమెవరం పట్టించుకోలేదు. అసోసియేషన్ సెక్రటరీ గారు దాన్ని విప్పించి మూడో అంతస్తులో తమ ఇంటికి తెప్పించారు. టేబుల్ మీద ఇంటి కంప్యూటర్, దాని పక్కన డీవీఆర్. మొదట హెచ్‌డీఎమ్‌ఐ వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కి పెట్టారు. తెర నల్లగానే ఉంది. వీజీఏ వైరుతో సీపీయూ వెనక కలిపారు. అప్పుడూ అంతే. చివరికి ఎవరో అన్నారు, "ఎందుకండీ ఇంత తిప్పలు, లోపలున్నది హార్డ్ డిస్కే కదా, అది తీసి ఇందులో పెడితే పోలా?" నాలుగు స్క్రూలు ఊడాయి. డిస్కు బయటికొచ్చి కంప్యూటర్‌లోకి వెళ్లింది. తెర మీద చిన్న ప్రశ్న వచ్చింది: ఈ డిస్కుని వాడాలంటే ముందు ఇనిషియలైజ్ చెయ్యాలి. కింద ఓకే అని బటన్. నొక్కారు. ఆ తర్వాత ఫార్మాట్ చెయ్యమంది. అదీ చేశారు. తెరిచి చూస్తే ఏమీ లేదు. కంగారుగా డిస్కు తీసి మళ్లీ డీవీఆర్‌లో బిగించి కిందికి తీసుకెళ్లి, పక్క షాపు వాళ్ల మానిటర్ అడిగి తెచ్చి పెడితే, ఈసారి డీవీఆర్ ఫార్మాట్ చెయ్యనా అని అడిగింది. దానికీ సరే అన్నారు. రికార్డింగ్ కొత్తగా మొదలైంది.

నేను ఆ గదిలోనే నిలబడి ఉన్నాను. కంప్యూటర్ అడిగిన ప్రశ్నని నా కళ్లతో చదివాను. ఆగండి అన్న మాట నా నోట రాలేదు. కానిస్టేబుల్ వచ్చి ఫుటేజీ అడిగినప్పుడు ఆ కుర్రాడు మా అందరి మొహాల వంకా చూశాడు. ఆ చూపు నన్ను వదల్లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మేం అంత అవస్థ పడిన ఆ హాల్లోనే గోడకి టీవీ ఉంది. డీవీఆర్ హెచ్‌డీఎమ్‌ఐ వైరు దానికి పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చేది. మా ఎవరికీ తట్టలేదు.

హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రోలో కూర్చుని కిటికీలోంచి చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బంగారం దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, ఆసుపత్రులు, పాత అపార్ట్‌మెంట్లు వరసగా కనిపిస్తాయి. వీటిలో కెమెరా లేని మెట్లదారి ఇప్పుడు అరుదు. ప్రతి నాలుగైదు కెమెరాల వెనకా ఎక్కడో ఒక డబ్బా ఉంది. ఆ డబ్బాని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఇంటి కంప్యూటర్‌కి కలపబోతారు. దొంగతనం జరిగినప్పుడో, పిల్లాడు కనిపించకుండా పోయినప్పుడో, సెల్లార్‌లో కారు గీసుకుపోయినప్పుడో ఆ పని చేస్తారు. అంటే మనసు కుదురుగా లేని సమయంలో, తొందరలో చేస్తారు. అందుకే ఏ తొందరా లేని ఈ రోజే ఇది చదవమని వేడుకుంటున్నాను.

కెమెరా విలువేమిటో దిల్‌సుఖ్‌నగర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర కొద్ది నిమిషాల తేడాతో, సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. కోచింగ్ క్లాసు అయిపోయి బస్సు కోసం నిలబడ్డ పిల్లలు, మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగినవాళ్లు. ఆ చుట్టుపక్కల ఏ కెమెరా పనిచేసింది, ఏది పనిచెయ్యలేదు అన్న చర్చ రోజుల తరబడి ఊరంతా నడిచింది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం తెచ్చారు. ఒకేసారి వంద మందికి తగ్గకుండా జనం చేరే చోట్ల కెమెరాలు ఉండాలని, రికార్డయినది 30 రోజుల పాటు దాచాలని అది చెప్పింది. తర్వాత పోలీసులు 'నేను సైతం' అని కాలనీల వాళ్లచేత, దుకాణాల వాళ్లచేత కెమెరాలు పెట్టించారు. ఆ పేలుళ్ల కేసులో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 2016 డిసెంబర్‌లో ఐదుగురికి మరణశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. పేలుళ్ల నుంచి అప్పటికి పన్నెండేళ్లు. ఒక నేరానికి సంబంధించిన సాక్ష్యం ఎన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలవాల్సి వస్తుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

కెమెరాలైతే పెట్టించుకున్నాం. ఆ వెనకున్న డబ్బాతో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ మనకి నేర్పలేదు.

ముందు అదేమిటో తెలియాలి. డీవీఆర్ అంటే టీవీ సెటాప్ బాక్సు లాంటిదని చాలామంది అనుకుంటారు. అది కంప్యూటరే. లోపల ప్రాసెసర్ ఉంటుంది, చాలావాటిలో లినక్స్ నడుస్తుంది, ఒక హార్డ్ డిస్కు ఉంటుంది. వెనక గుండ్రటి బీఎన్‌సీ పిన్నుల్లోంచి కెమెరా బొమ్మ లోపలికి వస్తుంది. హెచ్‌డీఎమ్‌ఐ, వీజీఏ పిన్నుల్లోంచి బయటికి పోతుంది. ల్యాప్‌టాప్ పక్కనుండే హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రం, సీపీయూ వెనకుండే వీజీఏ రంధ్రం కూడా బొమ్మని బయటికి పంపేవే. రెండు కుళాయిలకి ఒకే పైపు బిగిస్తే నీళ్లు ఎవరి బిందెలోకీ చేరవు. ఇక్కడా అంతే. టీవీకో, మానిటర్‌కో కలపాలి గానీ కంప్యూటర్‌కి కాదు. రెండు వైపులా ఒకే రకం పిన్ను ఉన్న యూఎస్‌బీ వైరు తెచ్చి డీవీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టడం ఇంకా ప్రమాదం. రెండూ కరెంటు ఇచ్చే పోర్టులే కాబట్టి ఏదో ఒకటి కాలిపోవచ్చు. మా సెక్రటరీ గారు ఆ వైరు కోసం కూడా వెతికారు. దొరకలేదు.

అసలు నూటికి తొంభై సందర్భాల్లో కంప్యూటర్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ చాలు. దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి డీవీఆర్ ముందున్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి, మెనూలో బ్యాకప్ అనో ఎక్స్‌పోర్ట్ అనో ఉన్నచోటికి వెళ్లి, తేదీ, సమయం, కెమెరా నంబరు ఎంచుకుంటే ఆ ముక్క పెన్‌డ్రైవ్‌లోకి వస్తుంది. ఫోన్లో కూడా ఆడే ఎంపీ4 రూపంలో ఒకటి, కంపెనీ సొంత రూపంలో ఇంకొకటి, రెండూ తీసుకోండి. కంపెనీ రూపంతో పాటు దాన్ని ఆడించే ప్లేయర్ కూడా వస్తే దాన్నీ దాచండి. మొత్తం రాత్రంతా కాపీ చెయ్యాలని చూడకండి. ఘటన జరిగిందనుకున్న సమయానికి ముందు అరగంట, తర్వాత అరగంట చాలు. పెన్‌డ్రైవ్ తీసి, అది నిజంగా ఆడుతోందో లేదో చూశాకే డీవీఆర్ దగ్గర్నుంచి లేవండి.

గడియారం సంగతి చాలామంది మర్చిపోతారు. డీవీఆర్ లోపల బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏ 2000 సంవత్సరానికో వెళ్లిపోతుంది. రాత్రి రెండు గంటలకి జరిగింది తెర మీద మధ్యాహ్నంగా కనిపిస్తుంది. అప్పుడు వెంటనే టైము సరిచెయ్యాలని చెయ్యి ఊరుకోదు. సరిచెయ్యకండి. డీవీఆర్ తెర, పక్కనే మీ ఫోన్ గడియారం, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. తేడా ఎంతో ఆ ఫొటోయే చెబుతుంది. ముందు ఫుటేజీ బయటికి తీశాక, ఆ తర్వాత టైము మార్చుకోవచ్చు.

తొందరపడక తప్పని విషయం మాత్రం ఒకటుంది. డిస్కు నిండితే డీవీఆర్ పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. మామూలు రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాస్తుందనుకుంటే రోజుకి 21 జీబీ దాటుతుంది. నాలుగు కెమెరాలకి 86 జీబీ. అంటే ఒక టెరాబైట్ డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండుతుంది, పన్నెండో రోజు మొదటిరోజుని తుడిచేస్తుంది. ఎనిమిది కెమెరాలుంటే ఆరో రోజే. నెల రోజులు దాచాల్సిన హాస్టలో కోచింగ్ సెంటరో నాలుగు కెమెరాలకి ఒక టెరాబైట్ డిస్కు పెట్టుకుని కూర్చుంటే, కొత్త కుదింపు పద్ధతిలో రాసినా, ఆ 30 రోజులు నిండటం కష్టమే. మీ డబ్బా ఎన్ని రోజులు దాస్తోందో మెనూలో వెనక్కి వెళ్లి ఈ రాత్రే చూడండి. పోయాక తెలుసుకుని లాభం లేదు.

ఇక డిస్కు విప్పడం. దీన్ని ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా చెబుతున్నాను: ఆ డిస్కుని మీ కంప్యూటర్‌కి కలపకండి. డీవీఆర్ తన డిస్కు మీద చాలావరకు తనకే తెలిసిన పద్ధతిలో రాసుకుంటుంది. విండోస్‌కి ఆ రాత అర్థం కాదు. అర్థం కాని డిస్కు కనిపిస్తే అది ఖాళీ డిస్కనే అనుకుంటుంది. ఇనిషియలైజ్ చెయ్యాలి అన్న మాటకి మన భాషలో అర్థం ఒక్కటే, ఈ పుస్తకం మొదటి పేజీలు చింపి కొత్త విషయసూచిక రాస్తాను అని. విచిత్రమేమిటంటే, మేం ఆ మొదటి ఓకే దగ్గర ఆగిపోయి ఉంటే బొమ్మలు చాలావరకు డిస్కు మీదే ఉండేవి. ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్లు వెలికి తీయగలిగేవాళ్లు. డీవీఆర్‌లో మళ్లీ పెట్టి, మళ్లీ ఫార్మాట్ చేసి, దాని మీద కొత్త రికార్డింగ్ నడిపించడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. మీ ఇంట్లో ఎప్పుడైనా ఈ పొరపాటు జరిగితే, మరుక్షణం కరెంటు ప్లగ్గు తీసెయ్యండి. ఇంకేం చెయ్యకండి. ఏం చేశారో, ఎన్ని గంటలకి చేశారో కాగితం మీద రాసి డిస్కుతో పాటు పోలీసులకి ఇవ్వండి. దాచకుండా చెబితే ఏదో ఒకటి మిగులుతుంది.

కోర్టు మాట కూడా వినాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. కాపీ ఇచ్చినప్పుడు దానితో పాటు సర్టిఫికెట్ జతపరచాలి. అందులో ఏ పరికరం నుంచి తీశారు, ఎవరి ఆధీనంలో ఉంది అన్న వివరాలతో పాటు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది. వాట్సాప్‌లో పంపిన వీడియో నాణ్యత తగ్గి వేరే ఫైలైపోతుంది కాబట్టి దాని వేలిముద్ర అసలుదానితో కలవదు. కాలనీ గ్రూపులో పంచుకున్నారు కదా అని అసలు పెన్‌డ్రైవ్‌ని పారేసుకోకండి. దాన్నొక కవర్లో పెట్టి, మీద తేదీ రాసి, తీసినవారి సంతకం చేయించి ఉంచండి.

కరెంటు విషయం క్లుప్తంగా. ఈ చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ చాలాచోట్ల పేరుకే ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టడానికి ఎర్త్ పిన్నునే విరిచేసినవాళ్లని చూశాను. అలాంటి డీవీఆర్ వెనక బీఎన్‌సీ పిన్ను పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఆ స్థితిలో మెటల్ బాడీ ఉన్న కంప్యూటర్‌కి వైరు కలిపితే కంప్యూటర్ పోర్టు పోవచ్చు, మనిషికీ షాక్ తగలొచ్చు. టాపు మీద కెమెరాలున్నచోట ఉరుములు మెరుపులప్పుడు అసలు ముట్టుకోవద్దు. వైరు కలిపేముందు టెస్టర్ పెట్టి చూసి, రెండిటినీ ఆపి, కలిపాక ఒకే ఎర్తింగ్ ఉన్న బోర్డు నుంచి కరెంటివ్వండి. అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కొందరికి కంప్యూటర్‌కి కలపక తప్పదు. మానిటర్, టీవీ అందుబాటులో ఉండవు, లేదా గంటల కొద్దీ ఫుటేజీ కావాలి. అప్పుడు దారి ల్యాన్ వైరు. డీవీఆర్ వెనక, కంప్యూటర్ వెనక చదరంగా ఒకేలా ఉండే రంధ్రాలవి. నేరుగా ఒకదానికొకటి కలపొచ్చు, మధ్యలో రౌటర్ అక్కర్లేదు. అయితే రెండూ ఒకే వీధిలో ఉన్నట్టు అడ్రసులు కుదరాలి. ఒక కంపెనీ డబ్బాకి ఫ్యాక్టరీ అడ్రసు 192.168.1.108 ఉంటుంది, ఇంకోదానికి 192.168.1.64 ఉంటుంది. మొదటి మూడు సంఖ్యలూ అలాగే ఉంచి, కంప్యూటర్‌కి చివర్లో 50 లాంటి వేరే సంఖ్య ఇచ్చి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెడితే మాట్లాడుకుంటాయి. ఇది చేసే ముందు కంప్యూటర్‌లో వైఫై ఆపెయ్యండి. చాలా ఇళ్లలో రౌటర్ కూడా 192.168.1తోనే మొదలవుతుంది, రెండూ కలిస్తే కంప్యూటర్ ఎటు చూడాలో తెలియక తికమకపడుతుంది. దానికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. వైఫై ఆపి, ఒక్క వైరుతో, పని అయ్యేదాకా కలిపి, తర్వాత తీసేస్తే ఆ డబ్బా బయటి ప్రపంచానికి కనపడదు. నేరుగా కలపడం తప్పని నేను అనడం లేదు, సరిగ్గా చేస్తే అన్నింటికంటే అదే భద్రం. ఈ దారిలో ప్రమాదమంతా ఇంటర్నెట్ మధ్యలోకి వచ్చినప్పుడే.

2016 అక్టోబర్ 21న అమెరికాలో డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి మూగబోయాయి. ఆ దాడికి వాడిన మిరాయ్ అనే వైరస్ వెతుక్కుంటూ వెళ్లింది ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న డీవీఆర్‌ల కోసం, కెమెరాల కోసం, రౌటర్ల కోసం. తలుపులేవీ పగలగొట్టలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు జతలు దాని దగ్గర జాబితాగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పెట్టి చూసింది. అంతే. డబ్బాల యజమానులకి తమ డబ్బా దాడిలో పాల్గొందన్న సంగతే తెలియలేదు, తెర మీద బొమ్మ ఎప్పటిలాగే వస్తూ ఉంది.

మన దగ్గర ఆ తలుపు ఎవరు తెరిచి పెడుతున్నారు? "సార్, ఊర్లోంచి ఫోన్‌లో కూడా కనిపించేలా చేసిస్తా" అంటాడు బిగించడానికి వచ్చిన కుర్రాడు. మంచివాడే, కష్టపడేవాడే. రోజుకి నాలుగు చోట్ల బిగించాలి కాబట్టి అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెడతాడు, గుర్తుండటానికి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి వెళ్తాడు. అప్పట్నించీ మీ డబ్బా నడిరోడ్డు మీద తలుపు తీసుకుని ఉన్నట్టే. అదే రౌటర్ మీద మీ ఇంటి కంప్యూటర్ ఉంది, అందులో బ్యాంకు లాగిన్, పాన్ కార్డు ఫొటో, పిల్లల మార్కుల మెమోలు ఉన్నాయి. డబ్బాలోకి దూరినవాడికి పక్క గది ఎంతో దూరం కాదు. పోర్ట్ ఫార్వర్డింగ్, అలాంటి తలుపునే తనంతట తాను తెరిచే యూపీఎన్‌పీ, రెండూ రౌటర్‌లో మూసేయించండి. డీవీఆర్ పాస్‌వర్డ్ మీరే, మీ చేత్తో, ఎవరూ చూడకుండా మార్చండి. కంపెనీ సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయించండి. కేంద్ర ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీటీవీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది, అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్తగా కొనేవాళ్లు దుకాణంలో ఆ ధ్రువీకరణ ఉందా అని అడగండి. కానీ మన గోడల మీద ఇప్పటికే ఉన్న పాత డబ్బాలని ఏ ఉత్తర్వూ వచ్చి బాగుచెయ్యదు.

ఇంకో ఉచ్చు ప్లగిన్‌ది. ల్యాన్ వైరు కలిపాక బ్రౌజర్‌లో డీవీఆర్ అడ్రసు కొడితే దాని పేజీ వస్తుంది. పాత డీవీఆర్‌ల పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునేది. దానికి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విశ్రాంతి ఇచ్చేసింది. ఇప్పుడు తెరవబోతే ప్లగిన్ కావాలంటుంది. అప్పుడు నెట్‌లో వెతికి, దొరికిన మొదటి ఫైలు దించుకుని, యాంటీవైరస్ అడ్డుపడితే దాన్ని ఆపేసి మరీ ఎక్కిస్తారు. ఇంటికి దొంగని చెయ్యిపట్టుకుని తీసుకురావడమే అది. ఎడ్జ్ బ్రౌజర్‌లో పాత పేజీలకోసం ఐఈ మోడ్ ఉంది, అది వాడండి, లేదా కంపెనీ సొంత సైట్ నుంచే వాళ్ల సాఫ్ట్‌వేర్ తీసుకోండి. అలాగే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చెయ్యకండి. అవతలివాడు ఎనీడెస్క్ వేసుకోండి, నేను చూసి సరిచేస్తాను అంటాడు. మీ కంప్యూటర్ తాళం అతని చేతికి వెళ్తుంది. అలా డబ్బు పోతే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. మొదటి గంటలో చెబితే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ.

ఇంతవరకూ వస్తువుల గురించి, డబ్బు గురించి చెప్పాను. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది వేరే.

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి పరీక్ష గదిలోని సీసీటీవీ దృశ్యాలు బయటపడ్డాయి. డాక్టర్ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. పోలీసులు పట్టుకున్న ముఠా దేశంలో ఇంకా చాలాచోట్ల కెమెరాలలోకి ఇలాగే దూరిందని తేలింది. ఆ తలుపు తెరిచిన పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనే మాట పక్కన 123 అని వార్తల్లో వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ సందుల్లో ఎన్ని ఆడపిల్లల హాస్టళ్లున్నాయో ఇక్కడ తిరిగేవాళ్లకి తెలుసు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్, ప్రకాశం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ల భద్రత కోసమని కారిడార్‌లో, మెట్ల దగ్గర, మెస్‌లో కెమెరాలు పెట్టారు. అడ్డుచెప్పను, ఉండాలి. కానీ ఆ డీవీఆర్ ఎక్కడుంది? చాలాచోట్ల యజమాని ఇంట్లో, హాల్లో, ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌కి కలిపి ఉంటుంది. రాత్రి పదింటికి టవల్ చుట్టుకుని స్నానాల గదికి వెళ్లే పిల్ల నడిచే దారి ఆ తెర మీద ఉంటుంది. ఆ ఇంటికి వచ్చిన చుట్టం చూడొచ్చు. కంప్యూటర్ బాగుచెయ్యడానికి వచ్చినవాడు చూడొచ్చు. పాస్‌వర్డ్ మార్చకపోతే ఎక్కడో కూర్చున్న ముఠా కూడా చూడొచ్చు. ఆ పిల్లకి మాత్రం ఎవరు చూస్తున్నారో ఎప్పటికీ తెలియదు.

హాస్టల్ నడిపే అన్నలకీ, అక్కలకీ చేతులు జోడించి చెబుతున్నాను. మీరు చెడ్డవాళ్లని నేననడం లేదు. కానీ ఈ డబ్బా మీ ఇంటి సామాను కాదు, మీకు అప్పగించిన పిల్లల మానం అందులో ఉంది. దాన్ని ఇంట్లోంచి తీసి ఆఫీసు గదిలో, తాళం వేసే పెట్టెలో పెట్టండి. ఇంటి కంప్యూటర్‌తో ఉన్న వైరుని ఈరోజే తీసెయ్యండి. గదుల గుమ్మాలు, స్నానాల గదుల వైపు దారి కనిపించే కెమెరాలని తిప్పెయ్యండి, లేదా తీసెయ్యండి. ఫుటేజీ చూడాల్సి వస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూశారో ఒక రిజిస్టర్లో రాయండి. ఒక మనిషి మర్మాంగాల బొమ్మని అనుమతి లేకుండా తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. ఇంట్లో మీ పిల్లలు ఎవరైనా సరదాకి ఒక ముక్క ఫోన్‌లో తీసి పంపితే ఆ ఇంటి పెద్దగా మీరే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

జూన్ నెల వస్తే ఈ సందుల్లో ట్రంకు పెట్టెలు, పరుపుచుట్టలు పట్టుకుని అమ్మానాన్నలు తిరుగుతుంటారు. భోజనం ఎలా ఉంటుంది, నీళ్లు వస్తాయా, గేటు ఎన్నింటికి మూస్తారు అని అడుగుతారు. ఈసారి ఇంకో రెండు మాటలు అడగండి. కెమెరాల డబ్బా ఏ గదిలో పెట్టారు? దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, చివరిసారి ఎప్పుడు మార్చారు? ఆ గదిని చూపించమనండి. డబ్బా వెనక్కి తొంగి చూడండి, అక్కణ్నుంచి వైరు ఎక్కడికి పోతోందో కళ్లతో వెంబడించండి. అది ఎవరి ఇంటి కంప్యూటర్ దాకానో పోతుంటే, దాన్ని వాళ్లు మీ ముందు తీసేదాకా పరుపుచుట్ట కింద పెట్టకండి.